ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు

తాగే నీళ్లలో కలిసి పళ్లను, ఎముకలను చెడగొట్టే ఫ్లోరైడ్ పీడ నల్లగొండకు విరగడైందని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. అలా అనుకోవడానికి కారణం ఉంది. 2020 నాటికి కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు వచ్చింది. ఇంటింటికీ నల్లా పెట్టారు, నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చాయి. జిల్లాకు పడమటి వైపు మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్టల్లో ఆ నీళ్లు చూసి సంతోషపడని ఇల్లు లేదు. మాదీ ఆ వైపే. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ సున్నా దేన్ని లెక్కపెట్టిందో కూడా చూసుకోవాలి. అది నల్లాలోంచి వచ్చే నీళ్లను లెక్కపెట్టింది. భూమిలో ఉన్న నీళ్ల జోలికి పోలేదు. బోర్లలో ఫ్లోరైడ్ అట్లాగే ఉంది, మన మనవల కాలానికీ ఉంటుంది.

చెడ్డ భూగర్భజలంతో తరతరాలు కాపురం చెయ్యక తప్పనప్పుడు, ఏది చవక, ఏది ఖరీదు అన్న లెక్కే మారిపోతుంది. ప్లాంటు కట్టిన రోజు పెట్టే డబ్బు ఆ లెక్కలో చిన్న భాగం. ముప్పై ఏళ్లపాటు రోజూ దాన్ని నడిపే మనిషి జీతం, మందులు, కరెంటు, నీటి పరీక్ష, పగిలిన పైపు అతికించడం, అసలు ఖర్చంతా వీటిదే. మన ప్రభుత్వాలకు మొదటి దానికి కోట్లు దొరుకుతాయి, రెండో దానికి చెయ్యి రాదు. నల్లగొండలో ఇన్ని దశాబ్దాలు జరిగింది ఇదేనని, ఇప్పుడు మళ్లీ అదే దారిలో పడుతున్నామని నా భయం.

ముందు రాయి సంగతి చెప్పుకోవాలి. మా కింద ఉన్నది గ్రానైటు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీళ్లు పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి ఆ రాతిని ఒరుసుకుంటూ ఉంటే అది కొంచెం కొంచెంగా నీళ్లలో కలుస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు. కానీ మా వైపు ఎండలకు నేలలోని తడి ఆవిరైపోతూ, కాల్షియం మట్టిలోనే తెల్లటి సున్నపు కంకరగా గడ్డకడుతుంది. దున్నేటప్పుడు నాగలికి తగిలే ఆ తెల్లగడ్డలు రైతులందరూ చూసినవే. కాల్షియం పైనే ఆగిపోగా, క్షారం ఎక్కువైన నీళ్లు కిందికి దిగుతాయి. అలాంటి నీళ్లకు రాతిలోంచి ఫ్లోరైడ్‌ను లాగడం తేలిక. బావులు ఎండిపోయి, బోర్లు వందల అడుగుల లోతుకు పోయాక నీళ్లు రాతితో కలిసి ఉండే కాలం ఇంకా పెరిగింది. అంటే ఇక్కడ కాలుష్యం చేసిన కంపెనీ లేదు. జరిమానా వెయ్యడానికి మనిషి లేడు. ఆపడానికి పైపు లేదు. రాయి అరుగుతున్నంత కాలం ఇది జరుగుతూనే ఉంటుంది.

హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు పారిశ్రామికవాడ సంగతి వేరు. అక్కడ భూగర్భజలం చెడిపోవడానికి కారణం ఫ్యాక్టరీల వ్యర్థం. 1990లోనే ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రపంచానికి చెప్పారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి చోట అన్నిటికన్నా చవకైన పని ఒకటే, వ్యర్థం బయటికి రాకుండా మొదట్లోనే ఆపడం. భూమిలోకి దిగాక తియ్యాలంటే ఎంతవుతుందో అమెరికా చూసింది. ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, భూగర్భజలంలో ఇంకా కాలుష్యం మిగిలి ఉన్న చోట్లు అక్కడ కనీసం 1,26,000. వాటిని బాగుచెయ్యడానికి 11,000 కోట్ల నుంచి 12,700 కోట్ల డాలర్లు కావాలి. అందులో పదో వంతు చోట్ల 50 నుంచి 100 ఏళ్లకు కూడా నీళ్లు బాగుపడే అవకాశం లేదని ఆ నిపుణులే రాశారు. అంత డబ్బున్న దేశమే కొన్నిచోట్ల శుభ్రం చెయ్యడం మన వల్ల కాదు, కాపలా కాసుకుంటూ బతకాలి అనే మాటకు వచ్చింది. మా గ్రానైటు కింద నీళ్లను కడిగి బాగుచేస్తామని ఎవరైనా టెండరు వేస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మనకు ఈ విషయం ఆలస్యంగా తెలిసిందా అంటే అదీ కాదు. ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను దేశంలో మొట్టమొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతంలో దీన్ని చూసి రాశారు. నల్లగొండ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. రోగం, మందు ఒకే ఏడాది ఒకే జిల్లా పేరు మీద కాగితం ఎక్కాయి. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలను తడిపింది. ఎత్తు మీద ఉన్న మునుగోడు వైపు ఆ నీళ్లు ఎక్కలేదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. జబ్బు ఏంటో, ఎందుకో, ఏ ఊళ్లలోనో అంతా తెలిసి ఉండగానే మూడు తరాలు ఆ నీళ్లు తాగాయి.

ఇక ప్లాంట్ల కథ. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో ఒక పద్ధతి తయారుచేసింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదువుకున్నా ఆ పేరు తగులుతుంది: నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియాల్లోనూ దాన్ని వాడి చూశారు. పద్ధతి చాలా సులువు. నీళ్లలో పటిక ద్రావణం, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలి. ముందు గబగబా కలపాలి, తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి, ఆ తర్వాత గంటకు పైగా కదపకుండా ఉంచాలి. పటిక దూదిపింజల్లా విడిపోయి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగొచ్చు. ఇంట్లో బకెట్లోనూ చెయ్యొచ్చు, ఊరికంతా పెద్ద తొట్టెలోనూ చెయ్యొచ్చు. యంత్రం పెద్దగా లేదు. సామాను కిరాణాకొట్టులో దొరుకుతుంది. కాగితం మీద ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు.

దాన్ని రోజూ నడపడంలోనే అసలు తంటా. పటిక ఎంత వెయ్యాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్ మీదే కాదు, క్షారత మీద కూడా ఆధారపడుతుంది. మా నీళ్లలో క్షారత ఎక్కువ, కాబట్టి లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే నీళ్లు పులుపెక్కుతాయి, అల్యూమినియం మిగిలిపోతుంది. వానాకాలం లెక్క వేసవికి పనికిరాదు, ఈ బోరు లెక్క ఆ బోరుకు పనికిరాదు. అంటే రోజూ పరీక్ష చేసి, మోతాదు చూసి వేసే మనిషి ఉండాలి. అడుగున దిగిన బురదను తీసి ఎక్కడో పారబొయ్యాలి. అందులో ఉన్నది మనం నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడే కాబట్టి ఆ చోటు కూడా ఆలోచించి ఎంచుకోవాలి.

మా చిన్నప్పుడు ఒక ఊళ్లో అలాంటి ప్లాంటు ఉండేది. సిమెంటు తొట్టె, దాని మీద తిప్పడానికి ఇనుప చట్రం, పక్కన పటిక బస్తాలు పెట్టుకునే చిన్న గది. కట్టిన కొత్తలో ఆ నీళ్ల కోసం బిందెలు వరసలో ఉండేవి. తర్వాత పటిక బిల్లు రాలేదు. నడిపే ఆయనకు జీతం నెలల తరబడి ఆగింది. ఆయన కూలికి పోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఎవరో మోటారు విప్పుకుపోయారు. ఆ గదిలో గడ్డకట్టిన పటిక బస్తా చాలాకాలం ఉండేది, పిల్లలం గోళ్లతో గీకేవాళ్లం. ఊరికి రెండు ఫర్లాంగుల దూరంలో బోరింగ్ ఉంది. కొడితే చల్లటి నీళ్లు, రుచికీ బాగుంటాయి. తొట్టె ఆగిపోయాక జనం బిందెలు తీసుకుని అక్కడికే పోయారు. ఇందులో టెక్నిక్ తప్పేమీ లేదు. పటికకు, ఒక మనిషి జీతానికి ఏటా డబ్బు పక్కన పెట్టకపోవడమే తప్పు.

తర్వాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లదీ ఇదే తీరు. ఆ గుళికలు ఫ్లోరైడ్‌ను బాగానే పట్టుకుంటాయి. కొన్ని నెలలకు వాటి శక్తి అయిపోతుంది. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ నింపాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు. శక్తి అయిపోయిన ఫిల్టర్‌లోంచి కూడా నీళ్లు తేటగానే వస్తాయి కాబట్టి అది పనిచేస్తుందో లేదో చూసి చెప్పలేం. ఎముకల బొగ్గు కూడా ఫ్లోరైడ్‌ను లాగుతుంది, ఆఫ్రికాలో కొన్నిచోట్ల వాడుతున్నారు. మన ఇళ్లలో దాన్ని ఎవరూ గడప దాటనివ్వరు.

ఇంత జరిగాక జనం విసిగిపోయి 1996లో ఓట్ల పెట్టెనే పిటిషన్ పెట్టెగా మార్చారు. జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వెయ్యాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత మారింది మాత్రం డిపాజిట్ సొమ్ము, 500 నుంచి 10 వేలకు పెరిగింది. 2004లో హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకుపోయే మొదటి దశ పైపులైను మా జిల్లా మీదుగానే పోయింది. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి తన వంగిపోయిన శరీరంతోనే ఢిల్లీ దాకా వెళ్లి ప్రధాని వాజ్‌పేయికి గోడు చెప్పుకున్నాడు. 2023లో ఆయన చనిపోయేనాటికి ఊళ్లలో నల్లాలు వచ్చాయి. ఆయన శరీరం మాత్రం మారలేదు. వంగిన ఎముకను మంచినీళ్లు నిలబెట్టలేవు.

కాబట్టి నదీజలాలను పైపుల్లో తీసుకురావడం సరైన నిర్ణయం అని గట్టిగా చెబుతాను. మిషన్ భగీరథకు 40 వేల కోట్లకు పైగా అంచనా వేసినప్పుడు అంత ఖర్చా అన్నవాళ్లున్నారు. ఒక్క ఫ్లోరైడ్ కోసమే పెట్టిన ఖర్చు కాదది, రాష్ట్రమంతటి తాగునీటిది. ఊరూరా ఒక ప్లాంటు పెట్టి, వాటిని వేల మంది ఆపరేటర్లతో రోజూ సరిగ్గా నడిపించడంకన్నా, ఒకచోట శుద్ధి చేసి పంపడం చవక. మోతాదు చూసే మనిషి ఒకచోట ఉంటే చాలు. కృష్ణ నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ కాబట్టి దాన్ని తీసే పనే ఉండదు. లెక్క ఇక్కడిదాకా బాగుంది.

కానీ పైపు అన్నాక పగులుతుంది. కరెంటు పోతుంది, మోటారు కాలుతుంది, ఎత్తు మీది వాడకు ప్రెషర్ అందదు. అప్పుడు ఏం జరుగుతుందన్నది ఎక్కడా రాసిలేదు. మొన్న వేసవిలో ఊరికి పోయినప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ మెడ తిరగదు. పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. గంజు కడుగుతూ మామూలుగా అంది: "నల్లా రెండొద్దుల సంది రాలే బిడ్డా. తాగనీకి డబ్బా తెప్పిచ్చుకున్నం, అన్నంలకు బోరు నీళ్లే పోసిన." ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు. కానీ కుక్కర్లో పోసిన ఎసరంతా అన్నంలోకే ఇంకుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. తాగే నీళ్లు కొనుక్కుని, తినే అన్నంలో ఫ్లోరైడ్ వండుకుంటున్నామన్న సంగతి ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం పంచాయతీలో ఉన్న టెస్ట్ కిట్ తెప్పించి చూశాం. చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైనకొద్దీ ఆ గులాబీ పోయి పసుపులోకి తిరుగుతుంది. పక్కనున్న రంగుల కార్డుతో పోల్చుకోవాలి. ఇంట్లో పట్టి పెట్టుకున్న పాత నల్లా నీళ్లు గులాబీగా ఉన్నాయి. డబ్బా నీళ్లూ గులాబీయే. పెద్దమ్మ అన్నంలో పోసిన బోరు నీళ్లు వేసిన వెంటనే పసుపైపోయాయి. నీళ్లు అమ్మే ఆర్‌ఓ ప్లాంటు వెనక గోడలోంచి ఒక పైపు మోరీలోకి నీళ్లు వదులుతూ ఉంటుంది. అవి కూడా పట్టి చూశాం. అంత పసుపు ఆ కార్డు మీద లేదు. పక్కింటి చదువుకునే అమ్మాయి ఆ గొట్టాలన్నీ వరసగా గోడ మీద పెట్టింది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఇంటికి పోయి తమ బిందెలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చారు.

ఆర్‌ఓ గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఫ్లోరైడ్‌ను అది బాగా తీస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ లోపలికి తీసుకున్న నీళ్లలో సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బయటికి వదిలేస్తుంది. ఆ వదిలేసిన నీళ్లలో ఫ్లోరైడ్ రెట్టింపవుతుంది. అది మోరీలోంచి మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది. నీళ్లకు కరువున్న చోట సగం నీళ్లను పారబోసే యంత్రాన్ని పరిష్కారమని పెట్టుకున్నాం. పోనీ చవకా? 20 లీటర్ల డబ్బా ఇంటికి తెస్తే 10 రూపాయలనుకుందాం. రోజుకొకటి చొప్పున ఏడాదికి 3,650. 500 ఇళ్లున్న ఊరు ఏటా కట్టేది 18 లక్షల 25 వేలు. ఇందులో వంటకు చుక్క లేదు. అదే ఊళ్లో నల్లా సరిగా వచ్చేలా చూడ్డానికి ఒకరిని, నీళ్లు పరీక్షించి రాసిపెట్టడానికి ఒకరిని నెలకు 15 వేల జీతంతో పెట్టుకున్నా ఏడాదికి 3 లక్షల 60 వేలు. పైపు మరమ్మతులకు ఇంకో అంత వేసుకున్నా డబ్బా నీళ్ల ఖర్చులో సగం కూడా కాదు. ఒకటి కూలి చేసుకునేవాళ్ల జేబులోంచి పోతుంది, ఇంకోటి బడ్జెట్లోంచి పోవాలి. అందుకే మొదటిది ఎవరి లెక్కలోనూ కనబడదు.

జనం నల్లా నీళ్లను వదిలి డబ్బాకు ఎందుకు పోతున్నారో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. క్లోరిన్ వాసన వస్తుంది. ఒక్కోరోజు రంగు తేడాగా ఉంటుంది. ఎప్పుడొస్తాయో తెలియదు. చూసేవాళ్లకు ఇవి చిన్న విషయాలు. కానీ తాగే నీళ్ల మీద నమ్మకం ఒకసారి పోతే అది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. నలభై వేల కోట్ల పథకం నమ్మకం ఒక వాల్వు దగ్గర, ఒక ట్యాంకు కడిగే పని దగ్గర తేలుతుంది.

పొలం సంగతి ఇంకా పట్టించుకున్నవాళ్లు లేరు. మే నెల ఎండలో పొలం పని చేసే కూలీ మనిషి రోజుకు ఐదు లీటర్లు సులువుగా తాగుతాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న లీటరు సీసా పది గంటలకే అయిపోతుంది. ఆ తర్వాత తాగేది పొలం బోరు నీళ్లే. ఆ బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, నాలుగు లీటర్లకు 16 మిల్లీగ్రాములు. ఏళ్ల తరబడి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరగొచ్చని, 14 అయితే అనుమానమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లోనే రాసింది. ఇంట్లో నల్లా ఉన్నంత మాత్రాన ఈ మనిషి ఫ్లోరైడ్ నుంచి బయటపడలేదు. పొలాల దగ్గర, అన్నాలు తినే చెట్ల కింద నల్లా నీళ్ల డ్రమ్ము పెట్టడం ఏ ఇంజనీరింగ్ పథకంలోనూ లేదు. ఉపాధి హామీ పని జరిగే చోట తాగునీళ్లు పెట్టాలన్న నియమం ఎట్లాగూ ఉంది. అవి నల్లా నీళ్లై ఉండాలని ఒక వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

నల్లా తక్కువగా వచ్చిన రోజున చాలా పంచాయతీల్లో బోరు నీళ్లను కూడా అదే పెద్ద ట్యాంకులోకి ఎక్కిస్తారు. దాన్ని నేరంగా చూడనక్కర్లేదు, లెక్కతో చేస్తే అది మంచి ఉపాయమే. నదీజలంలో ఫ్లోరైడ్ లీటరుకు 0.3 మిల్లీగ్రాములు, బోరులో 3 ఉందనుకోండి. మూడు పాళ్ల నదీజలంలో ఒక పాలు బోరు నీళ్లు కలిపితే 0.975 వస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం 1 దాకా ఫర్వాలేదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. సగం సగం కలిపితే 1.65 అవుతుంది, అది హద్దు దాటినట్టు. ఈ తేడా తెలియాలంటే ఆ ఊరి బోర్లలో దేనిలో ఎంత ఉందో గోడ మీద రాసి ఉండాలి. అన్ని బోర్లూ ఒకటి కావు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి 1 లోపల, ఇంకోటి 5 ఉండడం మా వైపు వింతేం కాదు. బంగ్లాదేశ్‌లో బావి నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం బయటపడ్డాక దాదాపు 50 లక్షల గొట్టపుబావులను పరీక్షించి చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు పూశారు. ఆ రంగు చూసి లక్షల కుటుంబాలు పక్క బావికి మారాయి. పెద్ద ప్లాంట్లకన్నా ముందు, తక్కువ ఖర్చుతో పనిచేసింది ఒక డబ్బా పెయింటు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్‌తో పరీక్ష నేర్పాలని రాసే ఉంది. వాళ్లకు పనికి తగ్గ డబ్బు ఇవ్వాలి, మందు అయిపోతే సీసా మార్చాలి, వాళ్లు చెప్పిన అంకె మీద పంచాయతీ ఏదో ఒకటి చెయ్యాలి.

చెరువులు నిండితే భూమిలో ఫ్లోరైడ్ పలచబడుతుందని చాలామంది చెబుతారు. కొంత నిజం. అనంతపురంలో చెక్ డ్యాముల కింద బావుల్లో ఫ్లోరైడ్ తగ్గినట్టు పరిశోధనలున్నాయి. కానీ హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు చూసినదాని ప్రకారం, బోరు నీళ్లతో వరి పండిస్తే మడిలో ఆవిరై చిక్కబడిన నీళ్లు మళ్లీ కిందికి దిగి ఫ్లోరైడ్‌ను పెంచుతాయి. అంటే ఒక చేత్తో చెరువు నింపి, ఇంకో చేత్తో బోరు కింద వరి పెంచితే లెక్క ఎటు తేలుతుందో కొలిస్తే గానీ తెలియదు. చెరువు పూడిక తియ్యడానికి నేను పూర్తిగా అనుకూలం, చెరువుతో ఇంకా వంద లాభాలున్నాయి. దాన్ని ఫ్లోరైడ్ మందుగా చూపించి నల్లా మీద డబ్బు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోను.

ఇదంతా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన ల్యాబ్ కూడా అక్కర్లేదు, బడి పిల్లల పళ్లు చూస్తే చాలు. పళ్ల పైపూత ఏర్పడేది దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో తాగిన నీళ్లు అందులో మచ్చలుగా ఉండిపోతాయి. ఏటా ఏడో తరగతి పిల్లల పళ్లు చూసి, గోధుమ మచ్చలున్నవాళ్లు ఎంతమందో రాసుకుంటే, నాలుగైదేళ్ల కిందటిదాకా ఆ ఊరి నల్లా ఎలా నడిచిందో తెలిసిపోతుంది. ఊరికొక పంతులు, ఒక ఆశా కార్యకర్త కలిసి ఒక పూటలో చెయ్యగల పని. ఒక ఊళ్లో మచ్చల సంఖ్య మళ్లీ పెరిగిందంటే ప్రభుత్వ లెక్కలో అది సున్నా ఆవాసం అయినా సరే, అక్కడికి ఇంజనీరు పోయి చూడాలి.

ఈ ఖర్చు పంచాయతీ భరించాలంటే కుదరదు. మర్రిగూడ లాంటి మండలాల్లో పంచాయతీకి వచ్చే ఇంటిపన్నుతో వీధి దీపాల బిల్లే కట్టడం కష్టం. రాయి తప్పు వాళ్లది కాదు, ఇన్ని దశాబ్దాల ఆలస్యమూ వాళ్లది కాదు. పైపులైను కట్టిన సొమ్ములో ఏటా కొంత శాతం ఆ ఊళ్ల నల్లా, పరీక్ష, వాల్వు మనిషి జీతం కోసం విడిగా ఖాతాలో వెయ్యాలి, అది ఏ ప్రభుత్వం వచ్చినా ఇంకో పనికి మళ్లించే వీలు లేకుండా శాసనసభే చట్టం చెయ్యాలి. ఫ్లోరైడ్ పీడిత ఆవాసం అన్న పేరును లెక్కల్లోంచి కొట్టెయ్యకుండా, "బోరు నీళ్లు చెడ్డవి, నల్లా మీద ఆధారపడిన ఊరు" అని ఇంకో వరస పెట్టి ఉంచాలి. ఆ వరసలో ఉన్న ఊళ్లో నల్లా ఒక్కరోజు ఆగినా దాన్ని మామూలు ఫిర్యాదుగా చూడకుండా, మర్నాటికల్లా ట్యాంకరు నదీజలం పంపాలి. వంగిపోయిన ఎముకలతో మిగిలిన పెద్దవాళ్ల పింఛను, మందులు, ఫిజియోథెరపీ కూడా ఇదే ఖాతాలోంచి ఇవ్వాలి.